తోడెవరని అడిగే శాఖకు, తోడుగా వచ్చేవారి తరఫున

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి, ఆ శాఖ ఉన్నతాధికారులకు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి మండలం. మా ఉద్దానం ప్రాంతం గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరుపడిన మా ఊళ్ళు కిడ్నీ జబ్బుతో వార్తల్లోకెక్కి చాలా ఏళ్ళయింది. నా భర్తకు 2019 నుంచి డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడు రోజులు, ఒక్కో విడతకు నాలుగు గంటలు ఆయన మిషన్ మీద ఉంటారు. ఆ మూడు రోజులూ వెంట వెళ్ళేది నేనే. డయాలసిస్ కేంద్రం గడప దాటగానే వినపడే మొదటి మాట "తోడెవరొచ్చారు?" అన్నది. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్నకు నేను ముందుకు వచ్చి నిలబడుతున్నాను. రోగి పేరు, కార్డు నంబరు, మిషన్ ఎక్కేముందు బరువు, దిగాక బరువు, రక్తపోటు అన్నీ రిజిస్టరులో రాసుకుంటారు. తోడు వచ్చిన మనిషి పేరు రాసే గడి మాత్రం ఆ రిజిస్టరులో లేదు. ఆ గడి ఎందుకు ఉండాలో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జరిగిన మేలు ముందుగా చెప్పాలి. డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా రైలెక్కి, అక్కడే గది అద్దెకు తీసుకుని, పొలం అమ్ముకుని తిరిగొచ్చిన కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి. ఇప్పుడు సోంపేటలో, పలాసలో డయాలసిస్ దొరుకుతోంది, రోగి దానికి డబ్బు కట్టనక్కరలేదు. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ప్రభుత్వాలు మారినా పింఛను ఆగలేదు, మిషన్లు ఆగలేదు. వీటి విలువ తెలియక నేనీ లేఖ రాయడం లేదు.

అయితే ఈ ఏర్పాట్లన్నీ రోగి ఇంట్లో ఒక మనిషి ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తున్నాయి. వారానికి 168 గంటల్లో మిషన్ పనిచేసేది పన్నెండు గంటలు. మిగతా 156 గంటలూ రోగిని నిలబెట్టేది ఆ మనిషే. "ఇంట్లోవాళ్ళు కదమ్మా, చూసుకోక ఎక్కడికి పోతారు" అని చాలామంది నాతో అన్నారు, ఆప్యాయంగానే అన్నారు. మేము ఎందుకు చూసుకుంటున్నామో మాత్రం ఎవరూ అడగలేదు. జవాబు ఎవరికివారు ఊహించుకున్నారు: ప్రేమ అని కొందరు, ధర్మం అని కొందరు. ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు. కానీ దానితో సరిపెట్టుకుంటే మీ లెక్కలో ఒక మనిషి తప్పిపోతుంది.

మా ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. డాక్టరుగారు నా భర్తకు రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్ళు తాగవద్దన్నారు. కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ అందులోనే. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసి పెడతాను. వైశాఖ మాసంలో, సముద్రపు ఉక్కపోతలో, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ సీసాలో రెండు గుక్కలు మిగులుతాయి. ఆయన దానివైపు చూసి తల తిప్పుకుంటారు. ఆయన ఎదుట నేను గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి ఏళ్ళయింది. దాహమేస్తే పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళి తాగివస్తాను. మా పిల్లలకూ అదే అలవాటయింది. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు చెంబు పట్టుకుని వెనక గుమ్మం వైపు వెళతారు.

మాకు కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు చాలా చెట్లు పడిపోగా మిగిలినవి కొన్ని, తరవాత నాటినవి కొన్ని. ఆ తోటలో పుట్టి పెరిగిన మనిషికి ఇప్పుడు బొండాం నీళ్ళు విషంతో సమానం. అందులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అరటిపండూ అంతే. కూరగాయలు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండాలి. ఆ కూరకు రుచి ఉండదు, ఉప్పు కూడా వేయకూడదు. దింపుడు కూలీలు వచ్చిన రోజున బొండాలు ఆయన కంటపడకుండా పాకలో పెట్టించి తాళం వేస్తాను. మొగుడికి తన చెట్టు కాయ దక్కకుండా తాళం వేసే ఈ పని నాకు ఎంత కష్టంగా ఉంటుందో రాయడానికి మాటలు రావడం లేదు.

ఇక ఫిస్టులా సంగతి. రక్తం మిషన్‌లోకి వెళ్ళిరావడానికి ఆయన ఎడమచేతికి మణికట్టు పైన ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపారు. అక్కడ చేయి ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మని తెలుస్తుంది. ఆ కదలిక ఉన్నంతకాలం ఫిస్టులా పనిచేస్తున్నట్టు. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, సూది గుచ్చనివ్వకూడదు, ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ తెల్లవారుజామున లేవగానే నేను మొదట చేసే పని ఆయన నిద్ర చెడకుండా ఆ చోట వేళ్ళు ఆనించి చూడటం. ఒక రోజు వేళ్ళకు ఏమీ తగల్లేదు. చెవి ఆనించాను, చప్పుడు లేదు. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని విశాఖ వెళ్ళాం. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు, కొన్నాళ్ళకు కుడిచేతికి కొత్త ఫిస్టులా పెట్టారు. మర్నాడు డయాలసిస్‌కు వెళ్ళాక చూసుకుందాం అనుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను.

వేళ్ళు ఆనించి చూడాలని నాకు నేర్పింది డయాలసిస్ కేంద్రం బయట బెంచీ మీద నా పక్కన కూర్చునే పెద్దావిడ. ఆమె నాకంటే మూడేళ్ళ ముందు నుంచి ఆ బెంచీ మీద ఉంది. బరువు రెండు కిలోలు దాటి పెరిగితే ఏం చేయాలో, మిషన్ దిగాక బీపీ పడిపోతే కాళ్ళు ఎలా ఎత్తి పెట్టాలో, రాత్రి ఆయాసం వస్తే ఏ గుర్తును బట్టి ఇక ఆగకూడదో అన్నీ ఆమె చెప్పినవే. అక్షరం రాని మనిషి. నేను బీఏ, బీఈడీ చదివి ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఆమె దగ్గర విద్యార్థినినయ్యాను. ఆమె భర్త పోయాక ఆమె మళ్ళీ రాలేదు. రావలసిన పని లేదు కదా. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ లేదు కాబట్టి ఆమె ఎలా ఉందో అడగడానికి మీకూ దారి లేదు.

మేము ఎందుకు చూసుకుంటున్నామన్న ప్రశ్నకు వస్తాను. నా మటుకు నేను నిజం చెబుతాను. మొదటిది రుణం. నా రెండో కాన్పు కష్టమైనప్పుడు ఆయన పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలో తువ్వాలు పరచుకుని పడుకున్నారు. పిల్లవాడి గుడ్డలు ఉతికారు. మా నాన్న మంచాన పడితే నా అన్నదమ్ములకంటే ముందు వెళ్ళి ఆయన ఎత్తి కూర్చోబెట్టారు. ఇవాళ ఆయన వాంతి నేను ఎత్తుతున్నానంటే ఆ పదకొండు రోజులు నాకు గుర్తున్నాయి కాబట్టి. రెండోది, ఆ వాంతి వేరొకరు ఎత్తడానికి ఆయన ఒప్పుకోరు. జబ్బు మనిషి దగ్గర నుంచి చాలా లాక్కుంటుంది. తన ఒంటిని ఎవరి ఎదుట విప్పాలో తేల్చుకునే హక్కు ఒక్కటే ఆయనకు మిగిలింది, దాన్ని కాపాడటం కూడా సేవే అని నేననుకుంటాను.

అంతటితో ఆపితే నేను సగమే చెప్పినట్టు. నలుగురు ఏమంటారోనన్న భయం కూడా నా చేత ఈ పని చేయిస్తోంది. ఒక్క డయాలసిస్‌కు నేను వెళ్ళకపోతే సాయంత్రానికి వీధి వీధంతా కారణం అడుగుతుంది. వేరే దారి లేకపోవడం ఇంకొక కారణం. మా మండలంలో జీతానికి నర్సును పెట్టుకుందామన్నా దొరకదు, దొరికినా పింఛను మొత్తం ఆమెకే ఇవ్వాలి. వాటికి తోడు, నేను ఆడదాన్ని. నా భర్తకు జబ్బని తేలిన రోజున ఇంట్లో అందరూ కూర్చుని చాలా మాట్లాడుకున్నారు. హైదరాబాదులో ఉన్న మా మరిది డబ్బు పంపుతానన్నాడు, ఇప్పటికీ పంపుతున్నాడు, మంచివాడు. అతను ఉద్యోగం మానుకుని రావాలని ఎవరికీ తోచలేదు. నేను ఉద్యోగం మానుతానా అని కూడా ఎవరూ అడగలేదు. అది అడగవలసిన విషయమని నాతో సహా ఎవరికీ తోచలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవారి సంరక్షణ చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 134 నిమిషాలు, మగవారు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. డయాలసిస్ రోజున నేను మూడున్నరకు లేస్తాను. ఇంటికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది.

ఇవన్నీ కలిస్తేనే "ఇంట్లోవాళ్ళు చూసుకోవడం" అవుతుంది. ప్రేమ ఎంతో భయం ఎంతో విడదీసి చెప్పమంటే నేనే చెప్పలేను. ఒక రోజు ఒకటి ఎక్కువ, ఒక రోజు ఇంకొకటి. అలసట ముదిరిన రోజున ఆయన మీద విసుక్కుని, రాత్రంతా ఏడ్చిన సందర్భాలు ఉన్నాయి. బెంచీ మీద కూర్చునే ప్రతి మనిషికీ అలాంటి రాత్రులు ఉన్నాయని నాకు తెలుసు. ప్రేమ ఉంది కదా అని మమ్మల్ని వదిలేస్తే ఆ ప్రేమ మీదే బరువు పడుతుంది. అది అరిగిపోయినప్పుడు నష్టపోయేది రోగి.

ఉద్దానంలో దీనికి మరొక చిక్కు ఉంది, మీ శాఖ వెంటనే పట్టించుకోవలసింది అదే. ఆయనకు నా కిడ్నీ ఇద్దామంటే రక్తం గ్రూపు కలవలేదు. తన కిడ్నీ ఇస్తానని మా అత్తగారు ముందుకు వచ్చారు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవారే, తీసుకునేవారిలో ఎక్కువమంది మగవారే. మా ఇంట్లోనూ ఇవ్వడానికి లేచిన చేతులు ఆడవాళ్ళవే. పరీక్షలు చేయిస్తే అత్తగారి క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టలేనప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థం, ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు, సుగర్ లేదు, కాళ్ళకు నీరు పట్టలేదు. కొడుకు కోసం పరీక్ష చేయించుకుని ఉండకపోతే ఆమెకు తన జబ్బు తెలిసేదే కాదు. మా ప్రాంతంలో ఈ జబ్బు తీరే అది. చప్పుడు లేకుండా ముదిరి చివర్లో బయటపడుతుంది. దీనికి కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. నీరైనా, ఎండలో చాకిరీ అయినా, మరొకటైనా, రోగికి జబ్బు తెచ్చిన పరిస్థితుల్లోనే తోడు ఉన్న మనిషీ బతుకుతోంది. అదే నుయ్యి, అదే తోట, అదే ఎండ. పైగా మంచాన ఉన్నవారిని ఎత్తి దించి నడుము పట్టేసిన ఆడవాళ్ళు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని రోజూ వేసుకుంటున్నారు. ఆ బిళ్ళలు కిడ్నీలకు చేటు అని రోగికి చెబుతున్నారు, పక్కన నిలబడ్డ భార్యకు చెప్పడం లేదు.

అందువల్ల నా మొదటి కోరిక ఖర్చు లేనిది. డయాలసిస్ రిజిస్టరులో తోడు వచ్చినవారి పేరు, వయసు, రోగికి ఏమవుతారో రాసే గడి పెట్టించండి. రెండోది దాని నుంచే వస్తుంది. ఆ పేరున్న ప్రతి మనిషికీ ఆరు నెలలకొకసారి క్రియాటినిన్, రక్తపోటు, మూత్ర పరీక్ష చేయించండి. వాళ్ళను వెతుక్కుంటూ ఎవరూ ఊళ్ళు తిరగనక్కరలేదు. వారానికి మూడు రోజులు, నాలుగు గంటల చొప్పున, మీ బెంచీ మీదే కూర్చుని ఉంటారు. రోగి చనిపోయాక కూడా ఆ పేరు కొట్టివేయకుండా కనీసం కొన్నేళ్ళపాటు ఆశా కార్యకర్త ద్వారా పరీక్షలు కొనసాగించండి. నాకు ఫిస్టులా చూడటం నేర్పిన పెద్దావిడకు ఇవాళ క్రియాటినిన్ ఎంత ఉందో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది.

నేర్పించడం గురించి ఒక మాట. డయాలసిస్ మొదలుపెట్టిన వారంలోనే తోడు వచ్చే మనిషిని కూర్చోబెట్టి ఫిస్టులా చూడటం, నీళ్ళ కొలత, తినకూడనివి, ప్రమాదపు గుర్తులు ఒక నర్సు తెలుగులో గంటసేపు చెబితే ఎంతో తేడా వస్తుంది. కరపత్రం ఇచ్చి పంపితే చాలదు, మా బెంచీ మీద సగంమంది చదవలేరు. ఇంటి దగ్గరే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ గురించి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. కడుపులోకి ద్రవం ఎక్కించి దించే ఆ పద్ధతిలో ప్రయాణం తప్పుతుంది. పొరుగున తమిళనాడు 2021లో మొదలుపెట్టిన ఇంటింటికీ వైద్యం పథకంలో ఆ ద్రవం సంచులను రోగి ఇంటికి చేరుస్తున్నారు. మన దగ్గరా దాన్ని విస్తరిస్తే మంచిదే. కానీ రోజుకు మూడు నాలుగుసార్లు ఆ సంచులు మార్చేది, చేతులు కడుక్కుని గొట్టం కలిపేది, పొరపాటున క్రిములు చేరితే నింద మోసేది ఇంట్లోని మనిషే. ఆమెకు తగిన శిక్షణ, నెలనెలా ఇంటికి వచ్చి చూసే నర్సు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే పలికే మనిషి లేకుండా ఆ పద్ధతిని మా మీద పెట్టవద్దని వేడుకుంటున్నాను.

విడత వేళలు కూడా ముఖ్యమే. ఒకసారి మాకు తెల్లవారుజాము విడత మార్చి సాయంత్రం చేశారు, ఆ సంగతి మేము అక్కడికి వెళ్ళాకే తెలిసింది. రోగి ఒక పూట ఆగగలడు. అతని తోడు కూలికి పోయే మనిషైతే రెండు పూటల కూలి పోతుంది. ముందురోజు ఫోన్ చేసి చెప్పడానికి కూడా ఆ గడిలో తోడు నంబరు ఉంటే సరిపోతుంది.

డబ్బు సంగతి చివరికి వదిలాను గానీ అది చిన్నది కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భృతి ఇవ్వాలని 24వ సెక్షన్‌లో చెప్పింది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు కాబట్టి మేము దాని పరిధిలోకి రాము. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల మీద బాధ్యత పెట్టింది, ఆ బాధ్యత మోసేవారికి ఏ ఆసరా ఇవ్వాలో చెప్పలేదు. కేరళ ప్రభుత్వం ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచానికే పరిమితమైన రోగులను చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. 600తో ఏ ఇల్లూ గడవదు, నిజమే. అయినా రోగిని కాక రోగిని చూసుకునే మనిషిని ఒక ప్రభుత్వం తన జాబితాలో చేర్చింది, ఆమె పేరున డబ్బు పంపింది. ప్రేమతో చేసే పనికి డబ్బేమిటని ఎవరైనా అంటే, పింఛను వచ్చాక నా భర్త మీద నాకు ప్రేమ తగ్గలేదని, ఆటో కిరాయికి అప్పు చేయడం మాత్రం తగ్గిందని చెబుతాను.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ కావలసింది నెలకు ఒక్క రోజు. ఆ రోజున ఆశా కార్యకర్తో, శిక్షణ పొందిన మరొకరో ఆయన వెంట వెళితే, నేను అత్తగారిని పరీక్షకు తీసుకెళ్ళగలను. లేదా ఇంట్లో నిద్రపోగలను. ఆ రోజుకు ఆయన కూడా ఒప్పుకున్నారు. "ఎవరొచ్చినా ఫర్వాలేదు, చేయి చూడటం మాత్రం నువ్వు దగ్గరుండి వాళ్ళకు నేర్పు" అన్నారు. నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీరు ఎవరిని పంపినా, ఏ కేంద్రంలోనైనా, బెంచీ మీద కూర్చునే ఆడవాళ్ళం కలిసి నేర్పుతాం.

మీ శాఖ పేరులో వైద్యం, ఆరోగ్యం తరవాత కుటుంబ సంక్షేమం అన్న మాట ఉంది. ఆ మాట ఇన్నేళ్ళుగా ఎక్కువగా కుటుంబ నియంత్రణకే పరిమితమైంది. దీర్ఘరోగంతో బతుకుతున్న కుటుంబానికి కూడా దాన్ని వర్తింపజేయాలని కోరుతున్నాను. రేపు మా డయాలసిస్ రోజు. ఆరు గంటల విడతకు అందరం అక్కడే ఉంటాం. మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి, మిషన్ల గది చూశాక, బయట బెంచీ దగ్గర పది నిమిషాలు ఆగి మా పేర్లు రాసుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి భార్య,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా